మూడో నీళ్ళు

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది వానాకాలంలో మా గడిలో దురద మొదట పట్టింది నన్నే. ఎక్కడ అంటారా, చెప్పుకోలేని చోట అంటారు కదా, అక్కడ. డెబ్బై అయిదేళ్ళు దాటాక నాకిక చెప్పుకోలేనిది ఏమీ మిగల్లేదు. అప్పుడే ఎవరితోనైనా నోరు తెరిచి ఉంటే వారంలో పోయేది. తెరవలేదు కాబట్టే ఇంత కథ అయింది.

మా ఊరు జగిత్యాల వైపు, బీర్పూరుకు దగ్గర. నా భర్త కరుణాకర్ రావు ఆ ఊరి దొర, గడి అంటే ఆయన కోటలాంటి ఇల్లు. మిరుగం కార్తె దాటి వానలు మొదలైన వారానికి, మా బట్టలుతికే లసుమవ్వ పొద్దున్నే వచ్చి, ముందురోజు తీసుకుపోయిన మూటను తీసుకుపోయినట్టే తెచ్చి గడి మెట్ల మీద పెట్టింది.

“ఉతుకకుండనే తెచ్చినవేందే?” అని అడిగింది మా అత్తమ్మ ఇందిరాదేవి.

“సంఘంల చెప్పిండ్రు. గడి చాకిరి బంద్.”

“ఏ సంఘమే? మీ అత్త ఉతికింది, నువ్వు ఉతికినవు. ఇయ్యాల కొత్తగ సంఘమచ్చిందా?”

“అచ్చింది దొరసాని.”

ప్రతి మాట చివర ‘నీ బాంచన్’ అనే మనిషి ఆ రోజు అనలేదు. వెళ్తూ వెళ్తూ అత్తమ్మ మీద నుంచి చూపు తీసి నన్ను చూసింది. నేను తల తిప్పుకున్నాను. ఆ చూపు ఎందుకో నాకు తెలుసు.

అంతకు రెండేళ్ళ ముందు ఆమె బిడ్డ రాజవ్వ గడికి బట్టలు మోసేది. పెళ్ళయిన మనిషి, మొగుడు కూలికి పోతే తల్లికి సాయంగా వచ్చేది. ఒకరోజు నా పెళ్ళినాటి చిలకపచ్చ పట్టుచీర కనబడలేదు. మా ఆయన ఇల్లంతా వెతికించి, చివరికి రాజవ్వ మూట విప్పమన్నాడు. చీర అందులోనే ఉంది. “నీ చీర, నువ్వే అడుగు” అన్నాడు నాతో. నేను అడగలేదు, కొట్టాను. అదే మెట్ల మీద, ఊరు చూస్తుండగా, చెంపమీద రెండుసార్లు. భుజం పట్టి ఈడిస్తే దాని చీర చిరిగింది. దొంగ అని పేరు పెట్టి ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు. మొగుడు కూడా వదిలేశాడు. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో, మరమగ్గాల దగ్గర కండెలు చుట్టుకుని బతుకుతోందని తర్వాత విన్నాను. లసుమవ్వ మాత్రం ఆ రెండేళ్ళూ నా బట్టలు ఉతుకుతూనే ఉంది, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

మూడు రోజుల్లో మంగలి మానేశాడు, పసుల కాపరి మానేశాడు, నీళ్ళు చేదే మనిషి మానేశాడు. ఊళ్ళో కొత్తగా పెట్టిన ఆ కూలీల సంఘానికి పెద్ద సామేలు, ఒకప్పుడు మా పసులు కాసినవాడే. మా చుట్టాల్లో దొరలు ఒక్కొక్కరే హైదరాబాద్ చేరుతున్నారు. మా ఆయన పోనన్నాడు. “ఒక్కసారి పోతె మళ్ళ ఊళ్ళెకు రానియ్యరు” అని గేటు మూసుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళను సంఘంవాళ్ళు ఏమీ అనేవారు కాదు. అందుకని బజారుకైనా బావికైనా నేనే.

ఇక బట్టలు. జగిత్యాల నుంచి సంచెడు బట్టల సోడా తెచ్చాను. బకీటుకు రెండు పిడికిళ్ళు అని అత్తమ్మ కొలత చెప్పింది. ఆమెకు ఎలా తెలుసని నేను అడగలేదు. జన్మలో జేబురుమాలు ఉతికిన మనిషి కాదు ఆమె. నానబెట్టడం, బండకేసి బాదడం ఎలాగో వచ్చేశాయి. నీళ్ళు చేదడమే రాలేదు. గడి ముందర బావి చాలా లోతు. నాలుగు బొక్కెనలు తోడేసరికి అరచేతులు కందిపోయేవి. అందుకని ఒక్కసారి నీళ్ళలో ముంచి, పిండి, దండెం మీద వేసేదాన్ని. ఆరిన ధోతులు అట్టల్లా నిలబడేవి.

“గంజి పెట్టకుండనే ఎంత మంచిగ నిలవడ్డయో చూసినవా?” అని అత్తమ్మ మురిసిపోయింది. “ఆ లసుమవ్వ చేతుల ఎన్నడన్న గిట్లుండెనా?”

పదిరోజులకు మొదలైంది. ముందు చెమట అనుకున్నాను. తర్వాత మంట. ఇక అక్కడి నుంచి నా బుర్ర నా మాట వినలేదు. స్నానాల గదిలో గడియ పెట్టుకుని, బొట్టు పెట్టుకునే చిన్న అద్దం నేలమీద పెట్టి చూసుకునేదాన్ని. ఎర్రగా ఉందా? నిన్నటికంటే ఎక్కువా, తక్కువా? గంట తర్వాత మళ్ళీ చూసుకునేదాన్ని. వేపాకు నీళ్ళు, కొబ్బరినూనె, పసుపు, అన్నీ అయ్యాయి. జగిత్యాల మందుల దుకాణంలో మడమల పగుళ్ళకని అబద్ధం చెప్పి ఒక మలాం కొన్నాను. అది రాస్తే ఇంకా మండింది. పెళ్ళయి ఎనిమిదేళ్ళు, పిల్లలు లేరు. ఇక పుట్టరేమో అనుకున్నాను. కుళ్ళిపోతుందేమో అనుకున్నాను. అన్నం కలుపుతుంటే అదే, పప్పు తిరగమోత పెడుతుంటే అదే. కొండగట్టు అంజన్నకు మొక్కాను. ఎందుకు మొక్కుతున్నానో ఆయనకు కూడా పేరుపెట్టి చెప్పలేక “నీకు తెలుసు కద స్వామీ” అన్నాను.

అడుగున మరొక అనుమానం తొలుస్తూ ఉండేది. గేటు మూసుకోకముందు, మెట్‌పల్లి పసుపు మార్కెట్ పేరు చెప్పి మా ఆయన రెండేసి రోజులు రాకుండా ఉండేవాడు. ఇది అక్కడి నుంచి వచ్చిందా? అడిగే ధైర్యం లేదు. అన్నం వడ్డిస్తూ ఆయన ముఖం చూసేదాన్ని, అంతే.

నెల తిరిగేసరికి ఆయన కూడా కుర్చీలో కుదురుగా కూర్చోవడం మానేశాడు. ఒక మధ్యాహ్నం గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

“నీకేమన్న అయితుందా? అంటె… దురద లెక్క?”

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయనే అడిగాడు కదా, ఇక దాచుకోనక్కర్లేదు కదా అని ఏడుపు కూడా వచ్చింది. “అయితుందండి. నెలరోజుల సంది. మస్తు భయమైతుంది.”

“అంటె నీకే ముందు.”

“ఏం ముందండి?”

“మీ అన్న బిడ్డ పెండ్లని కోరుట్ల పోయి పది రోజులున్నవు గద. ఏడేడ తిరిగినవ్? ఎవనితోని?”

 మెట్‌పల్లిలో రెండేసి రోజులు ఉండి వచ్చిన మనిషి నన్ను అడుగుతున్నాడు!

“నాకేం తెల్వదనుకుంటున్నవా? గిది ఎట్లస్తదో నాకు తెల్వదా?” అన్నాడు. “దసరా దాక చూస్త. తగ్గకుంటె కోరుట్ల దింపుత. ఎందుకు దింపిననో మీ అన్నకు నేనే చెప్త. అమ్మ ఎప్పటిసంది ఇంకో సంబంధం చూస్తనంటుంది.”

తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తున్నాడు. ఆ నడకను వెనక నుంచి చూస్తూ నేను ఒకటే అనుకున్నాను. నన్ను దింపుతావా? ఆ పేరుతో మా అన్న గుమ్మంలో నన్ను దింపుతావా? ఉండు, నీ సంగతి చూస్తాను. ఎలా చూడాలో మాత్రం తెలియలేదు.

ఆ దారి చూపించింది మా అత్తమ్మే, పాపం తెలియకుండా. శ్రావణంలో ఒక శుక్రవారం దేవుడి గదిలోంచి నన్ను పిలిచింది. పీట మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుంది.

“శోభా, కొబ్బరినూనె జర తెచ్చియ్యి.”

“తలకా అత్తమ్మా?”

“తలకు కాదు.” గోడవైపు చూస్తూ అంది. “అడుగకు. ఇయ్యి.”

గిన్నె ఆమె చేతిలో పెట్టి అక్కడే నిలబడిపోయాను. ఇరవై ఏళ్ళుగా ముండమోసి, దేవుడి గదీ వంటగదీ తప్ప వేరే గది ఎరగని మనిషి. ఈమెకు ఏ సుఖరోగం వస్తుంది? ఏ మెట్‌పల్లి నుంచి వస్తుంది? నాకు నవ్వొచ్చింది, కొంగు నోట్లో కుక్కుకున్నాను. ముగ్గురికీ ఉందంటే ముగ్గురికీ కలిసింది ఏదో ఉండాలి. ఆమె వంట వేరు. గది వేరు. సబ్బు కూడా వేరు. పెరట్లో దండెం మీద నా లంగా, ఆమె తెల్లచీర, ఆయన ధోతి పక్కపక్కన బిగుసుకుని వేలాడుతున్నాయి.

మర్నాడు పొద్దెక్కాక ఆ లంగా చంకలో పెట్టుకుని వాగుకు వెళ్ళాను. లసుమవ్వ మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉంది. నన్ను చూసి కూడా బాదడం ఆపలేదు.

“లసుమవ్వా, ఒకటి అడగాలె.”

“గడి బట్టలు ముట్టనని చెప్పిన కద.”

“ముట్టకు. చూడు చాలు.”

లంగాను బండమీద పరిచాను. ఆమె చూసింది. చూశాక మాత్రం చేతులు ఊరుకోలేదు. అంచు పట్టుకుని నలిపింది. తెల్లటి పొడి రాలింది. అంచు చివర నాలిక్కి పెట్టి తుపుక్కున ఉమ్మింది.

“ఓర్నీ! గిది ఉతుకుడా? ఎన్ని నీళ్ళు పెడుతున్నవు?”

“ఒక్కటే.”

“ఒక్కటా!” అప్పుడు నవ్వింది లసుమవ్వ. రెండేళ్ళ తర్వాత ఆమె నవ్వు నేను చూడటం అదే. “సోడంత బట్టల్నే ఉన్నది. గిది కట్టుకుంటె చెమటకు నాని ఒళ్ళు తినదా? ఏడేడ ఒత్తుకుంటదో గాడ పుండు పడ్తది. మూడు నీళ్ళల్ల జాడియ్యాలె దొరసాని. మూడో నీళ్ళు పిండినంక నాలిక్కు పెట్టి చూడు. సప్పగ తగిలిందా, ఇగ అయిపోయినట్టు.”

“అంటే రోగం కాదా?”

“ఏం రోగం? ఉతుకుడు రాని రోగం.”

వాగు ఒడ్డున బండమీద కూర్చుని ఏడ్చాను. రెండు నెలల భయం ఆ నవ్వుతో అలా జారిపోతుంటే ఏడవక ఏం చేస్తాను? లసుమవ్వ ఓదార్చలేదు. నాలుగు దెబ్బలు వేసి, బట్ట తిరగేసి, తలెత్తకుండా అడిగింది.

“దొరకు గూడ ఉన్నదా?”

“ఉంది. నా వల్లే వచ్చిందంటున్నాడు. దసరాకు కోరుట్ల దింపుతాడట.”

ఆమె బట్ట పిండింది, దులిపింది, ఒడ్డున గడ్డిమీద ఆరేసింది. “గడి బావి శానా లోతు కద దొరసాని” అంది తర్వాత. “ముగ్గురి బట్టలకు మూడేసి నీళ్ళు చేదుడంటె నీ ఒక్కదానితోని యాడైతది?”

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. 

ఆ రోజు నుంచి నా బట్టలకు మూడు నీళ్ళు, అత్తమ్మ బట్టలకు మూడు నీళ్ళు. దొరగారి ధోతులకు, చెడ్డీలకు ఒక్కటి. సోడా మాత్రం ఇంకో పిడికెడు ఎక్కువ. అరచేతులు బొబ్బలెక్కినా హాయిగా ఉండేది. ఉతుకుతూ కూనిరాగం తీస్తున్నానని అత్తమ్మ తిట్టింది కూడా. వారంలో నాకు తగ్గింది. ఆమెకూ తగ్గింది. అంజన్న దయ అని కొబ్బరికాయ కొట్టించింది.

ఆయనకు ముదిరింది. వంకాయ బంద్ అన్నాడు, చేపలు బంద్ అన్నాడు, పెరుగు రాసుకున్నాడు, బూడిద చల్లుకున్నాడు. పడక కుర్చీలో ఒక పావుగంట కూర్చోలేక లేచి హాలంతా తిరిగేవాడు. ఊరిని గడగడలాడించిన మనిషి స్తంభం చాటుకు పోయి గోక్కోవడం కిటికీలోంచి చూసేదాన్ని. జాలి కలిగిందా అని అడుగుతారేమో. కలగలేదు.

ఒకరోజు నన్ను ఆపి అడిగాడు. “నీకు తగ్గిందా?”

“తగ్గిందండి.”

“ఎట్ల తగ్గింది? ఏం మందు వాడినవ్?”

“మందెందుకు? నాది కాని రోగం నా దగ్గర ఎన్ని దినాలుంటదండి?”

ఆయన ముఖం పాలిపోయింది. రోగం తనదే అని ఆ క్షణాన నమ్మాడు. దసరా మాట మళ్ళీ ఎత్తలేదు. నేను అక్కడితో ఆపి ఉండొచ్చు. మూడు బొక్కెనల నీళ్ళు ఎక్కువ చేదితే సరిపోయేది. చేదలేదు.

భాద్రపదంలో ఆయన కోరుట్లలో ఒక హకీముకు కబురు పెట్టాడు. వేరే ఊరి చుట్టం ద్వారా జవాబు వచ్చింది. ఏ ఆడదానితో ఎప్పుడు ఏం జరిగిందో ఒక్కటి కూడా దాచకుండా రాసి పంపాలట. ఒక్క పేరు దాచినా మందు విషమవుతుందట. ఆయన రెండు రోజులు కూర్చుని రాశాడు. తాను గేటు దాటలేడు, అలాంటి కాగితం నమ్మి పంపడానికి మనిషి లేడు. మైదా బంకతో అంటించి నా చేతికిచ్చాడు.

“మీ అన్న దగ్గరికి పోతున్ననని చెప్పు. హకీం చేతికే ఇయ్యి. విప్పినా నీకు సమజ్ కాదు, ఉర్దూల రాసిన.”

మా ఆయనది నిజాం కాలపు చదువు. కోరుట్లలో మా పక్కిల్లు ఒక ఉస్తానీ, అంటే ఉర్దూ పంతులమ్మ, ఇల్లని, వాళ్ళ పిల్లలతో పాటు పలక పట్టుకుని నేనూ అలిఫ్ బే దిద్దానని, పదేళ్ళు వచ్చేసరికి వాళ్ళ నానమ్మకు ఉత్తరాలు చదివి పెట్టేదాన్నని ఆయనకు తెలియదు. ఎనిమిదేళ్ళ కాపురంలో నీకేం వచ్చని నన్ను అడిగితే కదా తెలిసేది!

కోరుట్ల బస్టాండులో బల్లమీద కూర్చుని విప్పాను. మెట్‌పల్లి ఉంది, నేననుకున్నట్టే. ఇంకా ఉన్నాయి. వాటికి గుండె మండింది కానీ ఆశ్చర్యం కలగలేదు. చివరి కాగితం దగ్గర ఆగిపోయాను.

రాజవ్వ పేరు ఉంది అక్కడ. బట్టలు తెచ్చినప్పుడు చేయి పట్టుకున్నానని, కరిచి పారిపోయిందని రాశాడు. కొండగట్టులో కోతి కరిచిందని ఆయన నాకు చూపించిన గాటు అది. నేనే పసుపు అద్ది గుడ్డ కట్టాను. ‘నోరు తెరుస్తుందేమోనని పట్టుచీర దాని మూటలో నేనే పెట్టాను. పేరు నా మీదికి రాకుండా నా భార్య చేతనే కొట్టించాను. ఆమె ఏదీ అడిగే మనిషి కాదు. పోతూ పోతూ ఆ ఆడది నీ ఒళ్ళు కుళ్ళిపోను అని మన్ను పోసింది. ఈ బాధ ఆ శాపం వల్ల కావచ్చునా? దానికీ మీ దగ్గర మందు ఉంటుందా?’

నా కుడిచేయి చూసుకున్నాను. సోడాతో పగిలి ఉంది. ఈ చేయే. ఏదీ అడిగే మనిషి కాదట. నిజమే, అడగలేదు. అప్పటిదాకా నా కోపమంతా నా కోసమే. ఆ కాగితం చదివాక అది నాకు చాలలేదు.

హకీం ఇంటికి పోలేదు. వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కాను.

తంగళ్ళపల్లిలో మగ్గాల షెడ్లు దూరం నుంచే వినబడ్డాయి. రాజవ్వ బయటికి వచ్చింది. జుట్టునిండా దూది పొట్టు. నన్ను చూసి దొరసాని అనలేదు, కూర్చోమనలేదు.

“ఎందుకచ్చినవ్?”

“ఇది చదువుతాను, విను.”

మగ్గాల చప్పుడుకు గొంతు చించుకుని చదవాల్సి వచ్చింది. ఉర్దూ చూస్తూ తెలుగులో చెప్పాను. నేను కొట్టిన వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా నోరు దాన్ని దాటేసి శాపం దగ్గరికి వెళ్ళిపోయింది. నేను చెప్పానా దాటమని? అదే దాటింది.

“గింతేనా?” అంది రాజవ్వ.

“ఇంతే.”

ఆమె జుట్టులోని దూది పొట్టు దులుపుకుంది. “నాకెందుకు చదువుతున్నవ్? నేను తియ్యలేదని నాకు తెల్వదా? మా ఊళ్ళె చదువు.”

తిరిగి వచ్చేటప్పుడు జగిత్యాలలో పావుకిలో సోడా కొని, పాత పేపరు ముక్కల్లో ఇరవయ్యొక్క పొట్లాలు కట్టాను. హకీం ఇచ్చాడని, రోజుకొకటి నీళ్ళలో కలిపి కడుక్కోవాలని చెప్పి ఆయన చేతిలో పెట్టాను. పాపం అంటారా? పాపమే. మొదటి రోజే కేక పెట్టాడు. “మండితేనే పనిచేస్తున్నట్టట” అన్నాను.

వాగు దగ్గర లసుమవ్వకు కాగితం సంగతి చెప్పి వచ్చాను. పొట్లాలు అయిదు అయ్యాయో లేదో, ఒక పొద్దున సామేలు గేటు కొట్టాడు. వెనక ఊరు ఊరంతా ఉంది. ముందు వరసలో లసుమవ్వ, ఆమె పక్కన చేతిసంచితో రాజవ్వ. మా ఆయన మెట్లమీదికి వచ్చాడు, ధోతి ఒక చేత్తో ఒంటికి తగలకుండా ఎత్తి పట్టుకుని.

“దొరా, ఒక కాయిదం చదివేది ఉన్నది” అన్నాడు సామేలు. “నిలవడి ఇను.”

నేను మెట్లు దిగి వాళ్ళవైపు నిలబడి కాగితం తీశాను. దాన్ని గుర్తుపట్టి ఆయన ముందు నవ్వాడు. “గది ఉర్దూ. దానికేమొస్తది!” అన్నాడు. నేను మొదటి వాక్యం ఉర్దూలోనే, ఉస్తానీ నేర్పిన పలుకుతో చదివాను. ఆ నవ్వు ఆగిన తీరు ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. మెట్‌పల్లి సంగతులు చదవలేదు, అవి నావి. చివరి కాగితమే తెలుగులో చదివాను. చేయి పట్టుకోవడం, కరవడం, చీర.  మళ్ళీ అక్కడికి వచ్చాను. మళ్ళీ దాటాను.

“ఆగు” అంది రాజవ్వ. “నన్ను కొట్టిన కాడ రాయలేదా దొర?”

ఆ ఊళ్ళో ఉర్దూ వచ్చినవాళ్ళు ఇద్దరమే, ఆయనా నేనూ. రాయలేదంటే సరిపోయేది. ఆయన కూడా నా వైపే చూస్తున్నాడు, ఇప్పుడేమంటావు అన్నట్టు.

“రాశాడు” అన్నాను. చదివాను. ‘నా భార్య చేతనే కొట్టించాను. ఆమె ఏదీ అడిగే మనిషి కాదు.’ నా గొంతు నాకే వినబడలేదు. సామేలు ఇంకోసారి గట్టిగా చదవమన్నాడు. చదివాను.

రాజవ్వ దొంగ కాదని మా ఆయన చేత ఊరందరి ముందు మూడుసార్లు చెప్పించారు. మొదటిసారి గొణిగాడు, మూడోసారి అరిచాడు. ఇంకేం కావాలో చెప్పమని సామేలు రాజవ్వను అడిగాడు. నన్ను మెచ్చుకుంటుందని నేను లోలోపల అనుకుంటున్నాను, సిగ్గులేకుండా. కాగితం తెచ్చింది నేనే కదా.

ఆమె సంచిలోంచి ఒక పాత నేతచీర తీసింది. భుజం దగ్గర చిరిగి ఉంది. మట్టి మరకలు అలాగే ఉన్నాయి. రెండేళ్ళుగా ఉతకలేదు.

“ఆయన చెయ్యి పట్టిండు, నామీద చెయ్యెత్తింది మాత్రం దొరసాని. గా చేతితోనే గిది ఉతుకాలె. గీ బావి నీళ్ళతోటి, గీడనే, అందరు చూస్తుండంగ.”

అత్తమ్మ లోపల నుంచి కెవ్వుమంది. నేను కొంగు దోపుకుని బొక్కెన బావిలో వేశాను. ఎవరూ సాయం రాలేదు, రావాలని నేనూ అనుకోలేదు. సోడా వేసి నానబెట్టి బండమీద బాదాను. మరకలు గట్టివి, చాలాసేపు పట్టింది. మొదటి నీళ్ళు పోశాను, నల్లగా దిగాయి. రెండో నీళ్ళు పోశాను. ఇక చాలనుకుని చీరను పిండబోయాను.

“మూడో నీళ్ళు పెట్టు దొరసాని!” అని గట్టిగా అంది లసుమవ్వ. “యాదికి లేదా? సోడ పోకుంటె కట్టుకున్నోళ్ళకు తొడలు, నడుము దురదవెట్టి సస్తరు.”

జనానికి అది ఉత్త పని మాట. తలాడించి ఊరుకున్నారు. మెట్ల మీద మనిషికి మాత్రం తగిలింది. ధోతి మడతలో గోక్కుంటున్న చేయి ఆగింది. ఆయన బకీటు వైపు చూశాడు. గడి పక్కగా కనబడే పెరట్లో దండెం మీద అట్టల్లా నిలబడ్డ తన ధోతుల వైపు చూశాడు. మెత్తగా గాలికి ఊగుతున్న నా చీర వైపు, అత్తమ్మ చీర వైపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను కళ్ళు దించలేదు. ఆయన్నే చూస్తూ బొక్కెన దించి, తోడి, మూడో నీళ్ళు చీరమీద పోశాను.

పిండి, అంచు నాలిక్కి పెట్టుకున్నాను. చప్పగా ఉంది. రాజవ్వకు ఇచ్చాను. ఆమె నా మాట నమ్మలేదు, తానూ అంచు నాలిక్కి పెట్టి చూసుకుంది. తడి చీరను అలాగే సంచిలో పెట్టుకుని తల్లి వెంట నడిచింది. 

దసరా పోయాక పోలీసు క్యాంపులు వచ్చాయి. సామేలును పట్టుకుపోయారు, మళ్ళీ ఊరు చూడలేదు. మా ఆయన అంతకుముందే హైదరాబాద్ వెళ్ళిపోయాడు. నన్ను రమ్మనలేదు, ఎవరి ఇంట్లోనూ దింపనూ లేదు. అత్తమ్మా నేనూ ఊళ్ళోనే ఉండిపోయాం. ఆయన పోయినప్పుడు దినాలకు వెళ్తే అక్కడి పనిమనిషి కనకవ్వ ఒక మాట చెప్పింది. ఇరవై ఏళ్ళు పనిచేసినా అయ్యగారు తన బట్టలు ఒక్కరోజు కూడా ముట్టనివ్వలేదట. లేవలేని రోజుల్లో కూడా స్నానాల గదిలో పీట వేసుకుని ఆయనే ఉతుక్కునేవాడట, మూడు నీళ్ళు పోసి.